రేగుకంపకు కొక్కెం ముల్లు

ఒకప్పుడు రేగుకంపకు వంకరముల్లు ఉండేది కాదు. ఉన్నవన్నీ నిటారు ముళ్ళే. ఆకు పక్కన ఒకటి చొప్పున సూదుల్లా బారుగా నిలబడి ఉండేవి. చెయ్యి పెడితే గుచ్చుకునేవి, చెయ్యి వెనక్కి తీసుకుంటే వదిలేసేవి. వాటికి తెలిసిన పని అంతే.

ఆ రోజుల్లో చెట్లు మాట్లాడేవి, గొడ్లు మాట్లాడేవి, దొడ్డి చుట్టూ కట్టిన కంచె కూడా మాట్లాడేది. అందరూ మాట్లాడేవాళ్ళే కాబట్టి వినేవాళ్ళు తక్కువ. ఈ కథలో జరిగిన తిప్పలు సగం అందువల్లే జరిగాయి.

ఎర్రనేలల ఊరొకటి ఉండేది. ఊరికి పడమట పారే వంక ఒకటి, వంక దాటితే గుట్టలు, గుట్టల్లో తోడేళ్ళు. తూర్పున చేలు. ఆ చేల అంచున సుంకమ్మ, ఓబులు అనే ఆలుమగలు చిన్న కొట్టం వేసుకుని ఉండేవాళ్ళు. వాళ్ళకి ఏడాది నిండని కూతురు, పేరు గంగు. కొట్టం వెనక పశువుల దొడ్డి, దొడ్డి చుట్టూ ఓబులు కట్టిన కంచె.

ఆ కంచె సంగతి కొంచెం చెప్పాలి. ఆ ఊళ్ళో కంచె కట్టాలంటే మూరలు, జానలు లెక్కపెట్టరు. ఎద్దుని తెచ్చి నిలబెడతారు. దాని మోకాలు ఎక్కడికొస్తే అక్కడ కింది అడ్డకర్ర. రొమ్ము ఎక్కడికొస్తే అక్కడ నడిమి అడ్డకర్ర. మూపురం ఎక్కడికొస్తే అక్కడ పై అడ్డకర్ర. ముత్తాతల నాటి నుంచి అదే కొలత. కొలతకు నిలబడ్డ ఎద్దుకి నుదుట బొట్టు పెట్టి, తవుడులో బెల్లం కలిపి పెట్టేవాళ్ళు. ఊరికే నిలబడితే బెల్లం దొరుకుతుంటే ఏ ఎద్దు కాదంటుంది? పిలవకముందే వచ్చి నిలబడేవి.

ఊరు మొత్తానికి ఓబులు కంచే గట్టిది. గుంజలు చేవదేరిన తుమ్మవి. మూలల్లో గుంజ ఒరగకుండా లోపలి వైపు నుంచి ఏటవాలుగా ఊతకర్రలు పెట్టాడు. దొడ్డిలో రెండు ఆవులు, రెండు ఎద్దులు ఉండేవి. అవి సాయంత్రం ఇంటికి రాగానే కంచె మీద రొమ్ము ఆనించి ఒకసారి నెట్టి చూసేవి. కంచె కూడా గుంజలు బిగబట్టి నిలబడేది. కదలదని తేలాక ఆవులు నెమరు వేసుకుంటూ పడుకునేవి. పన్నెండేళ్ళు అలా ఎవరి పని వాళ్ళు చేసుకుంటూ హాయిగా గడిపారు.

తర్వాత రెండేళ్ళు వానలు ముఖం చాటేశాయి. గడ్డి మొలవలేదు. ఒకరోజు ఆవులూ ఎద్దులూ కలిసి సుంకమ్మతో చెప్పాయి, ఏటిగట్టున మీ అన్న ఊళ్ళో పచ్చిక ఉందట, మమ్మల్ని కొన్నాళ్ళు అక్కడికి పంపించు అని. సుంకమ్మ ఏడ్చింది. ఏడ్చి, వాటి మెడలు నిమిరి, అన్న వెంట పంపించింది. అన్న ఊరుకోకుండా బదులుగా ఎనిమిది మేకల్ని తోలాడు. వీటికి గడ్డే కావాలని లేదు, కంప ఉన్నా బతుకుతాయి, పిల్లకి పాలైనా ఉంటాయి అని కబురు పెట్టాడు.

అన్న మాట నిజమే. అంబలి నీళ్ళతో ఈడ్చుకొస్తున్న గంగు మేకపాలు పడగానే నెలలో బుగ్గలొచ్చి తేరుకుంది. కాళ్ళూ చేతులూ ఊపుకుంటూ దొడ్డంతా పాకడం మొదలుపెట్టింది. సుంకమ్మకి ఇంకేం కావాలి? మేకల్ని చూస్తే ఆమెకి కడుపు నిండినట్టుండేది.

మేకల్లో పెద్దది బొల్లి. నుదుటి మీద తెల్లమచ్చ, గడ్డం కింద బారెడు వెంట్రుకలు. వచ్చిన మొదటి సాయంత్రం అది కంచె దగ్గరికి వచ్చి నిలబడింది. కంచె అలవాటు ప్రకారం గుంజలు బిగబట్టింది. నెట్టు, చూద్దాం అంది.

బొల్లి నెట్టలేదు. కంచెని ఆ కొస నుంచి ఈ కొస దాకా ఒకసారి చూసింది. "నువ్వు శానా గట్టిదానివి పెద్దమ్మా, ఆడనే ఉండు" అంది. అని కింది అడ్డకర్ర కింద నుంచి బయటికి వెళ్ళిపోయింది. దాని వెనకే మిగతా ఏడు. కంచె బిగబట్టిన గుంజలు బిగబట్టినట్టే ఉండిపోయింది, పాపం. తనని ఎవరూ నెట్టలేదు కాబట్టి ఎవరూ దాటలేదనే అనుకుంది.

మేకల తప్పు నేను చెప్పను. వాటికి కంచె అంటే ఏమిటో ఎవరూ చెప్పలేదు. ఆవు బలం చూస్తుంది, మేక సందు చూస్తుంది. సందు కనబడ్డాక ఆగే మేకని మీరెవరైనా చూశారా?

ఆ ఏడు వానలు కరుణించాయి. పక్క చేను వీరప్పది. ఆయన జొన్న విత్తాడు. జొన్న మొలకలు వేలెడెత్తు లేచాయి. ఆ మొలకల్లోకి ఎనిమిది మేకలు దిగాయి.

వీరప్ప మంచివాడు. అరిచే మనిషి కాదు. మేకల్ని తోలుకొచ్చి ఓబులుకి అప్పగించి, కంచె సరిచూసుకోమని మెల్లగా చెప్పి వెళ్ళాడు. ఓబులుకి తల కొట్టేసినట్టయింది. తన కంచె దాటి గొడ్డు బయటికి పోయిందా? పన్నెండేళ్ళలో ఎన్నడూ లేదు. కొలతలో ఎక్కడో పొరపాటు వచ్చి ఉండాలి అనుకున్నాడు. అనుకుని ఏం చేశాడో తెలుసా? వెళ్ళి వీరప్ప ఎద్దుని అడిగి తెచ్చుకున్నాడు.

ఎద్దు వచ్చింది, నిలబడింది, బొట్టు పెట్టించుకుంది. ఓబులు మోకాలు చూశాడు, రొమ్ము చూశాడు, మూపురం చూశాడు. ప్రతి కర్రా ఎక్కడుండాలో అక్కడే ఉంది. వీరప్ప కూడా వంగి చూసి కొలత తప్పలేదని తేల్చాడు. ఎద్దు బెల్లం తిని వెళ్ళిపోయింది. మేకలు ఎనిమిదీ ఒక పక్కన నిలబడి ఈ తతంగమంతా నమలడం ఆపకుండా చూశాయి.

కొలత తప్పకపోతే మేకలు ఎగిరి దూకి ఉంటాయని ఓబులు తీర్మానించాడు. పై అడ్డకర్ర మీద ఇంకో అడ్డకర్ర కట్టాడు. దాని మీద ఇంకోటి. సుంకమ్మ పిల్లని చంకనేసుకుని ఏదో చెప్పబోయింది. కంచె కట్టేది నేనా నువ్వా అన్నాడు. సరే కట్టుకో అని ఆమె పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ పై కర్రల మీద పిచ్చికలు వచ్చి కూర్చున్నాయి. చాలా బాగుంది, ఇక్కణ్ణుంచి ఊరంతా కనిపిస్తోంది అని ఓబులుని మెచ్చుకున్నాయి.

జొన్న మోకాలెత్తు వచ్చాక మేకలు మళ్ళీ చేలో పడ్డాయి. ఈసారి ఒక మూలంతా బోడి చేశాయి.

వీరప్ప వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. సుంకమ్మ ఇచ్చిన మజ్జిగ తాగాడు.

"ఓబులూ, రెండు తూర్లు ఊరుకుంటి" అన్నాడు. "నాకూ తినే నోళ్ళుండాయి. గింజ ఇంటికొచ్చే లోపల నీ మేకలు ఇంకొక్క తూరి నా చేన్లో కనపడితే వాటిని వంక దాటించి గుట్టల్లోకి తోలేస్తా. ఊరోళ్ళు గూడా అదే మాటన్నారు."

"అట్లనే చిన్నాయనా" అన్నాడు ఓబులు. ఇంకేం అంటాడు?

వంక దాటితే ఏముందో అందరికీ తెలుసు. తోడేళ్ళు ఒక్క వారం కూడా ఉంచవు. సుంకమ్మ గంగు వైపు చూసింది. అప్పుడే పాలు తాగిందేమో, పిల్ల పైపెదవి మీద తెల్లటి గీత ఉంది. మేకలు పోతే మళ్ళీ అంబలి నీళ్ళే.

మర్నాడు పొద్దున సుంకమ్మ దొడ్డి ఊడుస్తూ గంగుని ఒక పక్కన కూర్చోబెట్టింది. రెండుసార్లు చీపురు తిప్పి తల ఎత్తేసరికి పిల్ల లేదు. పాకుకుంటూ కింది అడ్డకర్ర కింద నుంచి బయటికి పోతోంది. సుంకమ్మ చీపురు పారేసి వెంటపడింది. వంగింది, ఇంకా వంగింది, మోకాళ్ళ మీద పాకింది. పిల్ల కాలు దొరకబుచ్చుకుని చూసుకుంటే తను కూడా కంచె బయట ఉంది. కొంగు కూడా ఎక్కడా తగల్లేదు.

ఆమె అక్కడే నేల మీద చతికిలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు విని ఓబులు పరుగెత్తుకొచ్చాడు.

"ఏమయ్యా" అంది సుంకమ్మ, "నువ్వు ఎద్దును కొలిచినావు. దొడ్లో ఉండేది మేకలు."

ఓబులు ఆమెని చూశాడు, పిల్లని చూశాడు, ఎద్దు మోకాలి కింద ఉన్న సందుని చూశాడు. ఆయన ముఖం ఎలా ఉందో నేను చెప్పను, మంచి మనిషి, వదిలేద్దాం. మేకని నిలబెట్టి కంచె కొలవడం ఆ ఊళ్ళో ఎన్నడూ ఎరగరు, నలుగురూ నవ్వుతారని మాత్రం గొణిగాడు. నవ్వితే నవ్వనీ అంది సుంకమ్మ.

కంచెకి బెంగ పట్టుకుంది. నన్ను పీకేస్తారా అని అడిగింది. సుంకమ్మ గుంజ మీద చెయ్యి వేసి, నిన్నెందుకు పీకుతాం, బలం నీది, నీ సందులు మాత్రం మేం పూడుస్తాం అని చెప్పింది. కంచె కుదుటపడింది.

బొల్లిని తెచ్చి నిలబెట్టారు. నుదుట బొట్టు పెట్టారు. తనకీ బెల్లం కావాలంది, పెట్టారు. బెల్లం తిని బొల్లి ఊపిరి గట్టిగా పీల్చి పొట్ట ఉబ్బించుకుని, తల పైకెత్తి, నాలుగు కాళ్ళూ ఎడంగా పెట్టి నిలబడింది. ఆ కొలత ప్రకారం ఓబులు కర్రలు కట్టాడు. కట్టాక బొల్లి ఊపిరి వదిలి, సన్నబడి, రెండు కర్రల నడుమ నుంచి జారింది. సుంకమ్మ పక్కనే ఉంది కాబట్టి గడ్డం పట్టుకుని వెనక్కి లాగింది.

అప్పుడు సుంకమ్మ పదిరోజుల మేకపిల్లని తెచ్చి నిలబెట్టింది. దానికి ఇంకా మాయలు రావు. ఓబులు దాని తల పట్టనంత సందు మాత్రమే వదిలి మళ్ళీ కర్రలు కట్టడం మొదలుపెట్టాడు.

మరుసటి రోజు బొల్లి కంచె మీద నిలబడి కనబడింది. మూలన ఏటవాలుగా ఉన్న ఊతకర్ర మీద మెట్లెక్కినట్టు ఎక్కి, ఓబులు కట్టిన పై కర్రల దాకా పోయి, దూకుదామా వద్దా అని ఆలోచిస్తోంది. దాన్ని దించి, ఊతకర్రలన్నీ పీకి కంచెకి బయటి వైపు పెట్టారు. ఎక్కడానికి మీరే మెట్లు వేసి, ఎక్కితే మీరే తిట్టడం ఏం న్యాయమని బొల్లి రోజంతా సణిగింది.

అంతా అయ్యేసరికి కర్రలు అయిపోయాయి. మేకపిల్ల తల పట్టే సందులు దొడ్డికి ఉత్తరం వైపంతా ఇంకా మిగిలే ఉన్నాయి. సరిగ్గా వీరప్ప చేను వైపు.

చేను గట్టు మీద ఒక పెద్ద రేగుకంప ఉండేది. సుంకమ్మ దాని దగ్గరికి వెళ్ళి ఉన్న సంగతి చెప్పింది. నీ కొమ్మలు కావాలి, అడుగంటా నరకాల్సి వస్తుంది, ఈ ఏడు నీకు పళ్ళు ఉండవు అని కూడా దాచకుండా చెప్పింది. ఇంతవరకూ వచ్చినవాళ్ళంతా పళ్ళు కోసుకుని, ముల్లు గుచ్చుకుంటే తిట్టి పోయినవాళ్ళే. అడిగి తీసుకుంటానన్న మనిషిని అది మొదటిసారి చూస్తోంది. తీసుకో అంది.

సుంకమ్మ కొమ్మలు నరికి, మోపు కట్టి, తెచ్చి ఉత్తరం వైపు సందుల్లో కుక్కింది. ముళ్ళన్నీ మేకల వైపు తిప్పింది. చూడ్డానికి భయంకరంగానే ఉంది.

బొల్లి వచ్చి చూసింది. ముళ్ళ నడుమ నుంచి పెదాలు పెట్టి ఒక్కొక్క ఆకే ఏరుకుని తినేసింది. ఆకులు అయ్యాక ఒక రెమ్మ కొస పళ్ళతో పట్టుకుని లాగింది. కొమ్మ నున్నగా జారి ఊడొచ్చింది. ఇంకోటి లాగింది, అదీ ఊడొచ్చింది. కొమ్మని కొమ్మ పట్టుకోదు, కంచెని కొమ్మ పట్టుకోదు. సాయంత్రానికి కంపంతా దొడ్డి మధ్యలో కుప్ప పడింది.

అప్పటినుంచి సుంకమ్మకి కాపలాయే పని. పొద్దున లేచింది మొదలు గంగుని ఒళ్ళో పెట్టుకుని ఉత్తరం వైపు సందుకి అడ్డంగా కూర్చునేది. ఆమె వంటకి లేస్తే ఓబులు కూర్చునేవాడు. ఇలా ఎన్నాళ్ళని కూర్చుంటారు? అవతల జొన్న నడుమెత్తు దాటింది. కలుపు తీయడానికి పోలేరు, కట్టెలకి పోలేరు.

ఒక మధ్యాహ్నం ఓబులుని కాపలా పెట్టి సుంకమ్మ మేకలకి తుమ్మకాయలు రాల్చడానికి వెళ్ళి, అలసిపోయి రేగు మొద్దు పక్కన కూలబడింది. చేతిలో దోటి ఉంది. పొడుగు కర్ర, కొసన ఇనుప కొక్కెం. దాన్ని మొద్దుకి ఆనించింది. మొద్దు నుంచి అప్పటికే జానెడు చిగుళ్ళు వచ్చాయి.

నా కొమ్మలు బాగా పనిచేస్తున్నాయా అని రేగు ఆశగా అడిగింది. సుంకమ్మకి అబద్ధం రాదు.

"నువ్వు బాగా గుచ్చుతావు తల్లీ. పట్టుకునేది మాత్రం నీకు రాదు" అంది. అని చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

రేగుకి చాలా సిగ్గేసింది. పళ్ళు పోగొట్టుకుని, ఒళ్ళంతా నరికించుకుని, తీరా చేసింది ఏమీ లేదు. గుచ్చడమే గొప్ప అనుకుంటూ ఇన్నేళ్ళు బతికింది. అది తన మీద ఆనించి ఉన్న దోటిని అలా చూస్తూ ఉండిపోయింది. ఏమే దోటీ, కొమ్మని వంచి దగ్గరికి తెచ్చుకోవడం నీకెలా వచ్చింది అని అడిగింది. కర్ర నెడుతుంది, కొక్కెం లాగుతుంది, కమ్మరి నన్ను కాల్చి వంచాడు అంది దోటి. వంచితే నొప్పి పుట్టలేదా అంది రేగు. పుట్టకుండా ఎలా ఉంటుంది అంది దోటి.

రేగు ఆ రోజే మొదలుపెట్టింది. చిగుళ్ళ మీద ముళ్ళు ఇంకా లేతగా, పచ్చగా ఉన్నాయి. పొద్దున మంచు తడికి వాటిని మెత్తబరిచి కొంచెం వంచేది, ఎండెక్కాక అలాగే బిగబట్టి ఆరబెట్టేది. నొప్పి పుట్టింది. రెండు మూడుసార్లు ఏడ్చింది కూడా. పక్కనున్న తుమ్మచెట్టు, ఎవరికో మేకలుంటే నీకెందుకీ బాధ అని అడిగింది. అడిగి తీసుకుంది కదా అంది రేగు.

మొదటిసారి ఉత్సాహం ఎక్కువై అన్ని ముళ్ళనీ వంచేసింది. సుంకమ్మ ఒక రెమ్మ కోసి బొల్లికి చూపించింది. గుచ్చే ముల్లు ఒక్కటీ లేకపోవడంతో బొల్లి దాన్ని ఆకూ పుల్లా అంతా నమిలి మింగేసి, చాలా బాగుంది, ఇంకోటి ఉందా అని అడిగింది.

రేగు తిట్టుకుని మళ్ళీ చిగుర్లు వేసింది. ఈసారి ఆకుకి రెండేసి ముళ్ళు తొడిగింది. ఒకదాన్ని ఉన్నదున్నట్టు నిటారుగా వదిలేసింది. రెండోదాన్ని మాత్రం వెనక్కి వంచింది. జొన్న ఎన్ను తీసి గింజ పాలు పోసుకునే వేళకి రెమ్మలు చేయి పొడుగున ఏపుగా పెరిగాయి. సుంకమ్మని పిలిచి, ఇప్పుడు నరుకు అంది.

ఆ కొమ్మలు సందుల్లో పెడుతుంటేనే తేడా తెలిసిపోయింది. కొమ్మ కొమ్మని పట్టుకుంది, కొమ్మ అడ్డకర్రని పట్టుకుంది. తాడు పెట్టి కట్టాల్సిన పనే లేకపోయింది. నన్నెవరో పట్టుకున్నారు అని కంచె ఉలిక్కిపడి, కాసేపటికి అలవాటు పడింది. సుంకమ్మ నెలన్నర తర్వాత మొదటిసారి సందు ముందు నుంచి లేచి, నడుం విరుచుకుని, పొయ్యి వెలిగించడానికి వెళ్ళింది. గంగు మేకల మధ్య పడుకుని ఉంది. ఓబులు కట్టెలకి వెళ్ళాడు.

పొద్దు వాలుతోంది. బొల్లి కొత్త కంప దగ్గరికి వచ్చి చూసింది. నిటారు ముళ్ళని చూసి నవ్వుకుంది. వాటి సంగతి దానికి తెలుసు. మెల్లగా తల దూర్చాలి, గుచ్చుకుంటే వెనక్కి తీసుకోవాలి, ఇంకో పక్క నుంచి దూర్చాలి. అలాగే తల దూర్చింది. చెవుల దాకా బాగానే వెళ్ళింది. బయట జొన్న ఆకు నాలుక చాపితే అందేంత దూరంలో ఊగుతోంది. ఇంకొంచెం ముందుకు జరిగేసరికి నిటారు ముల్లు ముక్కు మీద గుచ్చింది. బొల్లి చటుక్కున వెనక్కి లాక్కుంది. వంకరముల్లు గడ్డం పట్టుకుంది.

బొల్లి గట్టిగా లాగింది. ఇంకో పది ముళ్ళు పట్టుకున్నాయి. దాని బతుకులో దాన్ని పట్టుకున్న కంచె లేదు. భయంతో ఊరంతా వినబడేలా అరిచింది.

ఆ అరుపు వీరప్పకి చేలో వినబడింది. మేక గొంతు, తన చేను గట్టు మీద. చేతికర్ర తీసుకుని పరుగున వచ్చాడు. అటు నుంచి సుంకమ్మ పరుగెత్తుకొచ్చింది. వంక, గుట్టలు, గంగు పాలు, అన్నీ ఒక్కసారే కళ్ళ ముందు తిరిగాయి.

బొల్లి తల కంచె బయట ఉంది. ఒళ్ళు కంచె లోపల ఉంది. వీరప్ప కర్ర ఎత్తినవాడు ఎత్తినట్టే నిలబడ్డాడు. ఇది చేలో ఉన్నట్టా, దొడ్లో ఉన్నట్టా? ఆయన వంగి జొన్న ఆకులు చూశాడు. ఒక్క ఆకు కూడా కొరికి లేదు. సరే, ముందు దీన్ని విడిపిద్దాం అని కర్ర పక్కన పెట్టి, గొంతుక్కూచుని, కంపలో చెయ్యి పెట్టాడు. గుచ్చుకుంది. చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. రేగు ఆయన అంగీ చెయ్యి పట్టుకుంది. రెండో చేత్తో తీసుకోబోతే తలగుడ్డ పట్టుకుంది.

ఇప్పుడు కంచెకి అటు మేక, ఇటు వీరప్ప. ఇద్దరి ముఖాల మధ్య జానెడు దూరం. ఇద్దరూ లాగుతున్నారు, లాగేకొద్దీ బిగుసుకుంటోంది.

"లాగొద్దు మామా" అంది సుంకమ్మ. "దాని దిక్కుకే జరుగు. దగ్గరికి పోతే అదే ఇడుస్తాది."

వీరప్ప లాగడం ఆపాడు. కంప వైపు కొంచెం జరిగి ఊరికే కూర్చున్నాడు. ఒక్కొక్క ముల్లే వదలడానికి కాస్త సమయం పడుతుంది కదా, ఆ కాస్తసేపూ ఆయనకి దొడ్డిలోకి చూడడం తప్ప వేరే పని లేకపోయింది. ఇన్నాళ్ళూ ఆ దొడ్డిని ఆయన నిలబడే చూశాడు, కోపంగా చూశాడు. ఇప్పుడు కూర్చుని చూస్తున్నాడు. ఏడు మేకలు ఒకదాన్నొకటి ఆనుకుని నెమరు వేస్తున్నాయి. వాటి మధ్య నుంచి గంగు లేచి కూర్చుంది. కొత్త మనిషి ముఖం తనంత ఎత్తులోనే కనబడేసరికి పిల్లకి సరదా పుట్టింది. పాకుతూ వచ్చి కంపకి లోపలి వైపు కూర్చుని, మూతికి పాల చార పెట్టుకుని, ఆయన్నే చూసి నవ్వింది.

ముళ్ళన్నీ వదిలేశాయి. అయినా వీరప్ప లేవలేదు. ఇంకాసేపు అక్కడే కూర్చున్నాడు.

"పిల్ల శానా తేరుకునింది కోడలా" అన్నాడు. "మేకలు ఈడనే ఉండనీ. గుట్టల మాట నేననలేదనుకో."

సుంకమ్మ బొల్లి గడ్డం విడిపించే మిషతో తల వంచుకుని కన్నీళ్ళు పెట్టుకుంది. సంతోషంతోనే. బొల్లి కూడా ఆమె చెప్పినట్టు ముందుకు జరిగి, వదిలించుకుని, తల లోపలికి తీసుకుంది. లోపల చోటేమీ చెడ్డగా లేదులే, ఆకు మాత్రం తింటాను అంది. తిను, కొమ్మ మాత్రం రాదు అంది రేగు.

ఆ ఏడు వీరప్ప జొన్న గింజ రాలకుండా ఇల్లు చేరింది. మేకల కంచెకి మేకపిల్ల కొలత అని ఊళ్ళో కొత్త లెక్క పుట్టింది. ఎద్దులు కొన్నాళ్ళు అలిగాయి, వాటికీ బెల్లం పెట్టి సర్దిచెప్పారు.

పని అయిపోయింది కదా, ఇక ఆ వంకరముల్లు రాల్చేయి, నీకు నొప్పి తగ్గుతుంది అని తుమ్మచెట్టు రేగుకి సలహా ఇచ్చింది. రేగు వినలేదు. ఇన్నేళ్ళూ తన దగ్గరికి వచ్చినవాళ్ళంతా ముల్లు గుచ్చుకోగానే పారిపోయారు. కోపంతో కర్ర ఎత్తుకుని వచ్చిన ఒక మనిషి మాత్రం, పట్టుకుని ఆపినందుకు, కూర్చుని మెత్తబడి వెళ్ళాడు. అది రేగుకి ఎంతో నచ్చింది.

అప్పటినుంచే రేగుకంపకు ఆకు ఆకుకీ రెండేసి ముళ్ళు. నిటారు ముల్లు పొమ్మంటుంది, వంకరముల్లు కాసేపు ఉండి పొమ్మంటుంది.